ఇంటర్నేషనల్ వాటర్ మేనేజ్‌మెంట్ చదవాలా? ముందు మీ నాన్నగారి తూము దగ్గరికి వెళ్ళండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఖమ్మం జిల్లాలో పాలేరు కింద మూడెకరాలున్న కుటుంబం. మీరు బీటెక్ సివిల్ చివరి ఏడాదిలో ఉన్నారు. నెదర్లాండ్స్ వెళ్ళి అంతర్జాతీయ నీటి యాజమాన్యంలో ఎమ్మెస్సీ చేయాలని ఉంది. ఇది ఇంజనీరింగ్ చదువా, రాజకీయాల చదువా అన్నది మీ మొదటి సందేహం. ఉద్యోగం వస్తుందా అన్నది రెండోది. 40 లక్షలు అవుతాయని, పొలం తాకట్టు పెట్టి ఈ సెప్టెంబర్‌కే పంపిస్తామని ఇంట్లో అంటున్నారు, వెళ్ళవచ్చా అన్నది మూడోది.

ముందు సూటిగా చెప్తాను. ఈ చదువు చదవండి. కానీ ఈ ఏడాది వద్దు, పొలం తాకట్టు పెట్టి అసలే వద్దు. కనీసం రెండేళ్ళు ఇక్కడే ఏదో ఒక కాల్వ మీదో, చెరువు కిందో, వాటర్‌షెడ్‌లోనో పని చేయండి. అక్కడ మిమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్న ఒకటి దొరుకుతుంది. దాన్ని పట్టుకుని స్కాలర్‌షిప్‌కి అప్లై చేయండి. ఈ మాట ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నేను బాపట్లలో అగ్రికల్చరల్ ఇంజనీరింగ్ చదివాను. మూడేళ్ళు ఒక స్వచ్ఛంద సంస్థలో నీటి సంఘాలతో పని చేసి, 2009లో నెదర్లాండ్స్‌లోని వాహనింగన్ యూనివర్సిటీకి వెళ్ళాను. కోర్సు పేరు ఇంటర్నేషనల్ ల్యాండ్ అండ్ వాటర్ మేనేజ్‌మెంట్. తిరిగొచ్చినప్పటి నుంచి కాల్వల ఆధునికీకరణ ప్రాజెక్టుల్లో పని చేస్తున్నాను. మా ఊరు ఒంగోలు వైపు, సాగర్ కుడి కాల్వ చివర. మా చిన్నప్పుడు ఎండాకాలంలో తాగునీటి చెరువు నింపడానికి కాల్వ వదిలారంటే మగవాళ్ళంతా టార్చిలైట్లు పట్టుకుని కాల్వ గట్టు మీదే పడుకునేవాళ్ళు. పైన ఎవరూ ఆయిల్ ఇంజన్లు పెట్టి తోడుకోకుండా కాపలా అన్నమాట. అయినా నాలుగు రోజులు రావాల్సిన నీళ్ళు ఒకటిన్నర రోజే వచ్చేవి. నేను ఈ చదువులోకి రావడానికి అసలు కారణం అదే.

"ఇంటర్నేషనల్" అంటే ఏమిటి?

చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆ మాట చూడగానే దేశాల మధ్య నదుల తగాదాలు, ఒప్పందాలు, ఐక్యరాజ్యసమితి అనుకుంటారు. అదీ ఉంటుంది, కానీ కొంతే. వాహనింగన్ లాంటి చోట ఆ మాటకు అసలు అర్థం, నీటి సమస్యను పలు దేశాల్లో పక్కపక్కన పెట్టి చూడటం. మా క్లాసులో ఇథియోపియా, పెరూ, ఇండోనేషియా, మెక్సికో, నేపాల్ వాళ్ళు ఉండేవాళ్ళు. సాగునీటి కాల్వ, నేల కోత, భూగర్భ జలం, రైతు సంఘం, నీటి చట్టం అన్నీ ఒకే కోర్సులో ఉంటాయి. రెండేళ్ళకు 120 క్రెడిట్లు. అందులో థీసిస్ ఒక్కదానికే 36, ఇంటర్న్‌షిప్‌కి 24. అంటే సగం చదువు మీరు ఒంటరిగా, క్లాస్‌రూమ్ బయట చేసేదే. ఏ ప్రశ్నా లేకుండా వెళ్ళినవాళ్ళు ఆ సగం దగ్గరే తెల్లబోతారు. నా బ్యాచ్‌లో అలాంటివాళ్ళను చూశాను. తెలివైన పిల్లలే, మార్కులు బాగా వచ్చినవాళ్ళే. థీసిస్‌కి ఏ ఊరు, ఏ కాల్వ అని ప్రొఫెసర్ అడిగేసరికి జవాబు ఉండేది కాదు.

మీకు నిజంగా దేశాల మధ్య నదుల మీదే ఆసక్తి ఉంటే దానికి వేరే కోర్సులున్నాయి. 1957లో మొదలైన ఐహెచ్‌ఈ డెల్ఫ్ట్ పూర్తిగా నీటి చదువు కోసమే ఉన్న సంస్థ. వాళ్ళు అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ, కోస్టారికాలోని యూనివర్సిటీ ఫర్ పీస్‌తో కలిసి నీటి సహకారం, శాంతి అనే విషయం మీద ఉమ్మడి కోర్సు నడిపారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఏడాది ఎమ్మెస్సీ ఒకటి ఉంది, సైన్స్‌నూ పాలసీనీ కలిపి చెప్తారు. వీటి పేర్లు దగ్గరదగ్గరగా ఉన్నా లోపలి చదువు వేరు. బ్రోచర్ మొదటి పేజీ చూసి ఎంచుకోకండి. కోర్సుల పట్టిక తీసి ఒక్కో సబ్జెక్టూ చదవండి, థీసిస్ ఎన్ని నెలలో చూడండి, పాత థీసిస్‌లు లైబ్రరీ సైట్‌లో ఉంటాయి, కనీసం ఒక నాలుగు తిరగేయండి.

ఇంజనీరింగా, రాజకీయమా?

రెండూ. దీన్ని ఒక ఆటతో చెప్తాను. బ్రూస్ లాంక్‌ఫర్డ్ అనే బ్రిటిష్ ప్రొఫెసర్ తయారు చేసిన రివర్ బేసిన్ గేమ్ అది. ఏటవాలుగా పెట్టిన చెక్క బల్ల, దాని మీద నది గీత, పక్కన కాల్వలు. పై నుంచి గాజు గోళీలు వదులుతారు. గోళీలే నీళ్ళు. పైనున్నవాళ్ళు చిన్న పుల్లలు అడ్డం పెట్టి గోళీలు తమ పొలంలోకి మళ్ళించుకుంటారు. ఒక వర్క్‌షాప్‌లో నాకు చివరి చోటు వచ్చింది. మూడు రౌండ్లు గడిచినా నా గుంతలో రెండు గోళీలే పడ్డాయి. పైన కూర్చున్న కుర్రాడు చాలా మర్యాదస్తుడు, జర్మనీ అబ్బాయి. అతనికి నా మీద కోపమేమీ లేదు. నేను అతనికి కనిపించలేదు, అంతే. మా ఊరి చెరువు గుర్తొచ్చి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పుల్ల ఎంత పొడవుండాలి అనేది ఇంజనీరింగ్. పుల్ల ఎవరు పెట్టాలి, ఎప్పుడు తీయాలి, తీయకపోతే ఎవరు అడగాలి అనేది రెండో సగం. సివిల్ ఇంజనీర్‌కి మన కాలేజీల్లో మొదటి సగమే చెప్తారు. ఈ కోర్సు రెండో సగం చెప్తుంది, మొదటిదాన్ని వదలకుండా.

నదుల ఒప్పందాలూ అంతే. కృష్ణా నీళ్ళ గొడవ వింటూ పెరిగిన మీకు ఇది చాలామంది విదేశీ విద్యార్థులకంటే త్వరగా అర్థమవుతుంది. బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం నమ్మకంతో, అంటే నూటికి 75 ఏళ్ళు వచ్చే నీళ్ళుగా, కృష్ణాలో 2,060 టీఎంసీలు ఉంటాయని లెక్కేసి, తిరిగి నదిలో కలిసే నీళ్ళూ కలిపి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 811 ఇచ్చింది. రాష్ట్రం విడిపోయాక తాత్కాలికంగా ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అని పంచుకున్నారు, అది ఇప్పటికీ నలుగుతూనే ఉంది. ఇప్పుడు నైలు చూడండి. 1959లో ఈజిప్టు, సూడాన్ ఇద్దరే కూర్చుని ఈజిప్టుకి 55.5 బిలియన్ ఘనపు మీటర్లు, సూడాన్‌కి 18.5 అని రాసుకున్నారు. మన లెక్కలో ఈజిప్టు వాటా దాదాపు 1,960 టీఎంసీలు, అంటే బచావత్ లెక్కేసిన మొత్తం కృష్ణా నీటికి కాస్త తక్కువ. ఆ కాగితంలో ఇథియోపియా లేదు, నీళ్ళలో ఎక్కువ భాగం పుట్టేది అక్కడే అయినా. ఆ ఇథియోపియా తర్వాత నీల నైలు మీద పెద్ద డ్యామ్ కట్టుకుని 2025లో ప్రారంభించింది. పైవాడి హక్కా, ముందునుంచీ వాడుకుంటున్న కిందివాడి హక్కా అన్న ప్రశ్న ఇక్కడా ఉంది, అక్కడా ఉంది.

తేడా ఒక్కటే, చాలా పెద్దది. మన రాష్ట్రాల మీద 1956 నాటి అంతర్రాష్ట్ర నదీజల వివాదాల చట్టం ఉంది, ట్రిబ్యునల్ ఉంది, ఢిల్లీ ఉంది. దేశాల మీద అలాంటి పెద్దన్న ఎవరూ లేరు. ఐక్యరాజ్యసమితి 1997లో నదుల ఒప్పందం ఆమోదించినప్పుడు 103 దేశాలు అవునన్నాయి, మూడు వద్దన్నాయి. చైనా, టర్కీ, బురుండి ఆ మూడు. మన దేశం ఓటు వేయకుండా పక్కకు జరిగింది. ఆ ఒప్పందం అమల్లోకి రావడానికి 2014 దాకా పట్టింది. సింధు ఒప్పందాన్ని 1960 నుంచి ఆరు దశాబ్దాలు అందరూ ఆదర్శంగా పాఠాల్లో చెప్పారు, 2025 ఏప్రిల్‌లో మన దేశం దాన్ని పక్కన పెట్టింది. బంగ్లాదేశ్‌తో 1996లో చేసుకున్న గంగా ఒప్పందం 30 ఏళ్ళ గడువు 2026 డిసెంబర్‌తో తీరుతుంది. మీరు వెళ్ళే సమయానికి ఇవన్నీ క్లాసులో వేడివేడిగా నడుస్తుంటాయి. పాకిస్తాన్, బంగ్లాదేశ్ విద్యార్థులు మీ పక్కనే కూర్చుంటారు. లెక్కలు తెలుసుకుని వెళ్ళండి, టీవీ చర్చల్లో విన్న మాటలు పట్టుకెళ్ళకండి.

నా థీసిస్ కథ: కోసీ నది పక్కన

ఇది కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ చదువు ఏం చేస్తుందో నాకు ఇక్కడే తెలిసింది.

నేపాల్ దక్షిణాన తెరాయి అనే మైదానంలో సున్సరి–మొరంగ్ అనే కాల్వ ఉంది. కోసీ నది నుంచి చతరా దగ్గర నీళ్ళు తీసుకుంటుంది. కట్టింది మన దేశమే, 1970ల్లో నేపాల్‌కి అప్పగించింది. దాదాపు 68 వేల హెక్టార్ల ఆయకట్టు. కోసీ నీళ్ళలో ఇసుక, ఒండ్రు విపరీతం కాబట్టి కాల్వ మొదటి నుంచీ పూడుతూనే ఉండేది. నేను అక్కడికి వెళ్ళింది 2010లో, వానాకాలం నాట్లప్పుడు. అంతకు రెండేళ్ళ ముందు, 2008 ఆగస్టు 18న, కుసహా దగ్గర కోసీ కరకట్ట తెగింది. బీహార్‌లో లక్షల మంది ఇళ్ళు వదిలారు. నేను వెళ్ళేసరికి కూడా సున్సరిలో కొన్ని పొలాల మీద మోకాలి లోతు ఇసుక అలాగే ఉంది.

ఆ కట్ట తెగిన రోజు నదిలో ఉన్నది సుమారు లక్షన్నర క్యూసెక్కులే. కట్ట డిజైన్ తొమ్మిదిన్నర లక్షలకు. అంటే వరద పెద్దదై తెగలేదు, కట్టను చూసుకోక తెగింది. ఎందుకు చూసుకోలేదు అంటే 1954 ఒప్పందం దగ్గరికి వెళ్ళాలి. కోసీ బ్యారేజీ ఉన్నది నేపాల్ నేల మీద. దాని 56 గేట్లూ, ఆ కట్టలూ చూసేది బీహార్ జలవనరుల శాఖ. ఒక దేశం మట్టి, ఇంకో దేశం ఇంజనీర్, మధ్యలో రాళ్ళు మోసే లారీ దాటాల్సిన సరిహద్దు, అక్కడి జనం కోపం. హైడ్రాలిక్స్ పుస్తకంలో ఈ కారణం ఎక్కడా దొరకదు.

మొదటి వారం ఒక పెద్దాయన నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి అడిగాడు, "కోసీ గేట్లు మీవాళ్ళ చేతిలో ఉన్నాయి కదమ్మా, మళ్ళీ నీళ్ళ గురించి మమ్మల్ని అడగడానికి వచ్చావేంటి?" అని. నేను జీవితంలో ఎప్పుడూ చివరి ఆయకట్టు మనిషినే అనుకున్నాను. అక్కడ నేను గేటు చేతిలో ఉన్న దేశం నుంచి వచ్చిన మనిషిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు వెళ్ళి మా ఊరి చెరువు కథంతా ఆయనకు చెప్పాను. ఆయన నవ్వి, "అయితే చివర్న ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళు, మా దగ్గర నీకేం దొరకదు, మేం పైన ఉన్నాం" అన్నాడు. అలా నా థీసిస్ కాల్వ మొదలు నుంచి చివరికి మారింది.

మన దగ్గర లష్కర్ ఉన్నట్టు అక్కడ ఢల్పా ఉంటాడు, గేట్లు చూసే మనిషి. ఆయన రిజిస్టర్‌లో వంతులు చక్కగా రాసి ఉన్నాయి, ఏ పిల్లకాల్వకి ఏ రోజు, ఎన్ని గంటలు అని. నేను కరెంట్ మీటర్ పట్టుకుని పదిహేడు రోజులు కొలిచాను. పగలు రిజిస్టర్ నిజం. రాత్రి పది దాటితే పైన రెండు గేట్ల కింద దుంగలు పెట్టి ఎత్తేవాళ్ళు. చివరి పిల్లకాల్వలో రాత్రి నీళ్ళు సగానికి పడేవి. దొంగతనం అని రాసేస్తే థీసిస్ అయిపోయేది. కానీ నా గైడ్ ఒప్పుకోలేదు. "ఎవరు ఎత్తుతున్నారు, వాళ్ళకు పగలు ఎందుకు కుదరదు?" అని అడిగింది.

వెళ్ళి చూస్తే రాత్రి పూట పొలానికి వచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళు. మగవాళ్ళు గల్ఫ్‌లో, మలేషియాలో ఉన్నారు. పగలు కూలికి వెళ్ళి, పిల్లల్ని చూసుకుని, రాత్రి నీళ్ళు పెట్టుకుంటున్నారు. సంఘంలో సభ్యత్వం మాత్రం భర్త పేరున, మామ పేరున. మీటింగ్‌లో వంతులు నిర్ణయించేటప్పుడు వాళ్ళు లేరు. పగటి వంతు వాళ్ళకు పనికిరాదు. రాత్రి వంతు అడగడానికి వాళ్ళకు కుర్చీ లేదు. నేను దొంగతనం అనుకున్నది వాళ్ళ వైపు నుంచి చూస్తే తమకు ఎవరూ ఇవ్వని వంతు.

ఇది చూశాక నాకు మన 1997 చట్టం గుర్తొచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటి వ్యవస్థలను రైతుల చేతికిచ్చిన చట్టం, ఒకేసారి పదివేల పైచిలుకు నీటి సంఘాలకు ఎన్నికలు జరిపింది. ప్రపంచమంతా దాన్ని పాఠంగా చదువుతుంది. నా క్లాసులో మెక్సికో అమ్మాయి దాని గురించి నన్ను అడిగితే నేను గర్వంగా చెప్పాను. కానీ మూడేళ్ళు ఆ సంఘాలతో తిరిగినదాన్ని, ఒక్కసారి కూడా ఓటర్ల జాబితాలో పట్టా ఎవరి పేరున ఉంది, నీళ్ళు పెట్టేది ఎవరు అని పోల్చి చూడలేదు. నేపాల్ వెళ్ళాకే మా ఊరి జాబితా నాకు కనిపించింది. ఆంధ్రలో ఆ సంఘాలకు 2024 డిసెంబర్‌లో మళ్ళీ ఎన్నికలు జరిగాయి. మీలాంటి వాళ్ళు కూర్చుని చదవాల్సిన జాబితాలు అవి.

మన నేల ఆ యూనివర్సిటీలకు కొత్త కాదని కూడా తెలుసుకోండి. వాహనింగన్‌కి చెందిన పీటర్ మోలింగా 1990ల్లో తుంగభద్ర ఎడమ కాల్వ మీద, రాయచూరు వైపు ఊళ్ళలో ఉండి పీహెచ్‌డీ చేశాడు. అంతకుముందే రాబర్ట్ వేడ్ కర్నూలు ప్రాంతం ఊళ్ళలో నీరు కట్టేవాళ్ళను ఊరే ఎలా పెట్టుకుంటుందో చూసి రాశాడు. వాళ్ళు అంత దూరం నుంచి వచ్చి మన లష్కర్‌తో టీ తాగి నేర్చుకున్నారు. పాలేరు పక్కన పుట్టిన మీరు ఆ లష్కర్‌తో మాట్లాడకుండా అక్కడికి వెళ్ళడం నాకు బాధగా ఉంటుంది.

డబ్బు లెక్క

వాహనింగన్ లాంటి చోట యూరప్ బయటి విద్యార్థికి ఇప్పుడు ఏడాది ఫీజు 20 వేల యూరోలకు పైనే. గది, తిండి, ఇన్సూరెన్స్ కలిపి నెలకు 1,100 దాకా వేసుకోండి. రెండేళ్ళకు దగ్గరదగ్గర 65 నుంచి 70 వేల యూరోలు. యూరో వంద రూపాయలు అనుకుంటే 65 నుంచి 70 లక్షలు. మీరు రాసిన 40 లక్షలు ఏ కన్సల్టెన్సీ చెప్పిందో నాకు తెలియదు, కానీ అది రెండేళ్ళకు సరిపోదు. చదువుకుంటూ వారానికి 16 గంటలకు మించి పని చేయనివ్వరు, లేదంటే జూన్ నుంచి ఆగస్టు దాకా మాత్రం పూర్తి సమయం చేయొచ్చు, దానికీ యజమాని పర్మిట్ తీసుకోవాలి. కాబట్టి "అక్కడికెళ్ళాక పార్ట్ టైమ్‌తో కట్టేసుకోవచ్చు" అన్న మాట నమ్మకండి.

ఇండియా తిరిగొచ్చాక నా మొదటి జీతం నెలకు 45 వేలు. అది 2011 నాటి మాట. ఇప్పుడు పెరిగాయి, కానీ ఈ రంగంలో మొదటి ఉద్యోగంతో 70 లక్షల అప్పుకి ఈఎంఐ కట్టలేరు. నా తర్వాత రెండేళ్ళకు ఒక కుర్రాడు పూర్తిగా లోన్ మీద వెళ్ళాడు. బంగారం లాంటి థీసిస్ చేశాడు, భూగర్భ జలాల మీద. కిస్తీల టెన్షన్ తట్టుకోలేక ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నాడు. అతని కొలతలు నా దగ్గర ఇంకా ఉన్నాయి.

నేను వెళ్ళింది డచ్ ప్రభుత్వ ఫెలోషిప్ మీద. దానికి ఉద్యోగ అనుభవం తప్పనిసరి. అది ఇప్పుడు లేదు, దాని తర్వాత వచ్చిన పథకమూ ముగిసింది. ఇప్పుడు మీరు గట్టిగా చూడాల్సినవి ఇవి:

ఎరాస్మస్ ముండస్. ఇది యూరోపియన్ యూనియన్ ఇచ్చే స్కాలర్‌షిప్. ఫీజు మీరు కట్టక్కర్లేదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు. నీటి రంగంలో గ్రౌండ్‌వాచ్ అనే భూగర్భ జలాల కోర్సు, ఫ్లడ్ రిస్క్ మేనేజ్‌మెంట్ అనే వరదల కోర్సు ఈ పద్ధతిలో వచ్చినవే, రెండింటిలోనూ ఐహెచ్‌ఈ డెల్ఫ్ట్ ఉంది. మీరు అప్లై చేసే ఏడాది స్కాలర్‌షిప్‌లు ఉన్నాయో లేదో వాళ్ళ సైట్‌లోనే చూసుకోండి. పోటీ తీవ్రంగా ఉంటుంది. కానీ 2024 సెప్టెంబర్‌లో మున్నేరు ఖమ్మంలోకి వచ్చినప్పుడు మీరు అక్కడే ఉండి ఉంటారు. ఏ వీధిలో ఎంత ఎత్తు వచ్చింది, హెచ్చరిక ఎప్పుడు అందింది, ఎవరికి అందలేదు అని ఇప్పటికైనా వంద ఇళ్ళు తిరిగి రాసుకుంటే, మీ దరఖాస్తు మిగతా వాటిలా ఉండదు.

నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాల పిల్లలకు కేంద్రం ఇస్తుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. మీరు ఆ కోవలోకి వస్తే వదలకండి. రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్య పథకాలూ ఉన్నాయి, కానీ వాటిలో దేశాల జాబితా ఉంటుంది. నెదర్లాండ్స్ ఉందో లేదో ముందు అడగండి, అడ్మిషన్ వచ్చాక కాదు.

ఇక్కడే చదవడం. దీన్ని తక్కువగా చూడకండి. ఐఐటీ రూర్కీలో నీటి వనరుల విభాగం 1955 నుంచి ఉంది, ఆసియా, ఆఫ్రికా దేశాల ఇంజనీర్లు అక్కడికి వచ్చి చదువుకున్నారు. గేట్ పరీక్ష రాస్తే స్టైపెండ్‌తో ఎంటెక్ అయిపోతుంది. హైదరాబాద్ జేఎన్‌టీయూలో, చెన్నై అన్నా యూనివర్సిటీలో నీటి వనరుల కేంద్రాలున్నాయి. నీటి పాలసీ వైపు మొగ్గుంటే ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్)లో ఎమ్మే ఉంది. పైసా అప్పు లేకుండా ఇక్కడ ఎంటెక్ చేసి, పీహెచ్‌డీకి యూరప్ వెళ్ళిన మిత్రులు నాకు ఉన్నారు. నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ చాలాసార్లు జీతం వచ్చే ఉద్యోగమే.

ఉద్యోగాలు

మూడు దారులు చూశాను. మొదటిది పరిశోధన సంస్థలు, కొలంబో కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ (ఐడబ్ల్యూఎంఐ), పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ లాంటివి. తక్కువ ఖాళీలు, ఎక్కువగా ప్రాజెక్టు కాంట్రాక్టులు. రెండోది కన్సల్టెన్సీలు, ప్రపంచ బ్యాంకు నిధులతో నడిచే ప్రాజెక్టులు, స్వచ్ఛంద సంస్థలు. నేను ఇందులోనే ఉన్నాను. పని దొరుకుతుంది, నిలకడ తక్కువ. రెండేళ్ళకోసారి కొత్త ప్రాజెక్టు వెతుక్కోవాలి. మూడోది సాగునీటి శాఖ. ఒకటి స్పష్టంగా తెలుసుకోండి, ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) పరీక్షలో విదేశీ ఎమ్మెస్సీకి మార్కులు కలవవు. మీ లక్ష్యం శాఖ ఉద్యోగమే అయితే ముందు పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకోండి, తర్వాత సెలవు మీద చదవండి. శాఖలో ఉన్న ఇంజనీర్లు చదువుకుని వెనక్కి వస్తే జరిగే మేలు బయటి కన్సల్టెంట్ పది రిపోర్టులు రాసినా జరగదని నా నమ్మకం.

నెదర్లాండ్స్‌లోనే ఉండిపోవాలంటే చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఏడాది పర్మిట్ దొరుకుతుంది. కానీ అక్కడ నీటిని చూసేది వాటర్‌స్కాప్ అనే 21 నీటి బోర్డులు. వాటికి ఎన్నికలు జరుగుతాయి, సొంత పన్ను వేస్తాయి, కొన్నింటి చరిత్ర 13వ శతాబ్దం దాకా వెళ్తుంది. లోపల పనంతా డచ్ భాషలో. వెళ్ళాలనుకుంటే ఇప్పటి నుంచే డచ్ మొదలుపెట్టండి. గది కూడా అడ్మిషన్ వచ్చిన రోజే వెతకడం మొదలుపెట్టండి, ఇళ్ళ కొరత నిజంగా ఇబ్బంది పెడుతుంది.

దరఖాస్తులో ఏం రాయాలి

నా దగ్గరికి చూసిపెట్టమని వచ్చే ఎస్‌ఓపీల్లో (ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే వ్యాసాల్లో) పదికి తొమ్మిది "నీరే ప్రాణాధారం, ప్రపంచ జనాభా పెరుగుతోంది" అని మొదలవుతాయి. నాదీ మొదట అలాగే ఉండేది. ఊళ్ళో లెటర్లు రాసిపెట్టే మా పెదనాన్నకి వినిపిస్తే, "ఇది నువ్వే రాయక్కర్లేదమ్మా, ఎవరైనా రాస్తారు" అన్నారు. చింపేసి, మా చెరువుకు నాలుగు రోజుల నీళ్ళు ఒకటిన్నర రోజెందుకు అయ్యాయో రాశాను. ఎన్ని తూములు, ఎన్ని ఇంజన్లు, ఎవరిని అడిగితే ఏం చెప్పారు, నాకు ఏం అర్థం కాలేదు. అంతే రాశాను.

సెప్టెంబర్‌లో మొదలయ్యే కోర్సులకు దరఖాస్తులు అంతకు ముందు చలికాలంలోనే వేయాలి. స్కాలర్‌షిప్ గడువు అడ్మిషన్ గడువుకంటే ముందే ముగుస్తుంది, అక్కడే చాలామంది దెబ్బతింటారు.

కాబట్టి ఈ యాసంగిలో ఒక పని చేయండి. మీ నాన్నగారి పొలానికి నీళ్ళొచ్చే తూము దగ్గర ఒక కర్ర పాతి సెంటీమీటర్లు గుర్తు పెట్టండి. రోజూ పొద్దున, రాత్రి నీటి ఎత్తు రాయండి. పైన రెండు తూముల దగ్గర, కింద రెండు తూముల దగ్గర కూడా ఎవరితోనైనా మాట్లాడి రాయించండి. లష్కర్ పేరు, ఆయన ఎన్ని కిలోమీటర్లు చూస్తాడు, నీళ్ళు వదిలిన తేదీ, ఆగిన తేదీ, ఆ పొలాల్లో పట్టా ఎవరిది, కౌలు ఎవరిది, రాత్రి నీళ్ళు పెట్టేది ఎవరు, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో ఉండాలి. నలభై రోజులైనా రాశాక ఇక్కడే, ఇదే ప్రశ్న కింద పెట్టండి. మనుషుల పేర్లు తీసేసి పెట్టండి. అందులో థీసిస్‌కి పనికొచ్చే ప్రశ్న ఎక్కడుందో కలిసి వెతుకుదాం, ఎస్‌ఓపీ మొదటి పేరా కూడా అక్కడి నుంచే రాద్దాం.